అల్యూమినియం నానో పౌడర్ చేతికొచ్చాక ముందు ఏ పరీక్షకు పంపాలి?

సీసాలో ఉన్నది ఐదు గ్రాముల బూడిద రంగు పొడి. లేబుల్ మీద ‘సగటు పరిమాణం 70 నానోమీటర్లు’ అని రాసుంది. ల్యాబ్‌లో స్ఫటికాలను గుర్తించే ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) ఖాళీగా ఉంది, ఉపరితల విస్తీర్ణం కొలిచే బీఈటీకి వారం వెయిటింగ్, టెమ్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి నెల రోజులు. వేడిచేస్తూ బరువు మార్పు చూసే టీజీఏ వేరే విభాగంలో ఉంది, అక్కడివాళ్లు లోహపు పొడి అనగానే ముఖం చిట్లిస్తారు. ఇలాంటప్పుడు మనలో చాలామంది ఏ మెషీన్ ఖాళీగా ఉంటే దాని దగ్గరికే పరుగెడతాం. నేనూ మొదట్లో అదే చేశాను. ఎక్స్‌ఆర్‌డీలో అల్యూమినియం పీకులు (గ్రాఫ్‌లో లేచే మొనలు) తప్ప ఇంకేమీ కనిపించలేదు. ‘ఆక్సైడ్ లేదు, శుద్ధమైన లోహం’ అని సెమినార్‌లో చెప్పేశాను. వెనక వరసలో కూర్చున్న ఒక సీనియర్ ‘టీజీఏ చేశావా తమ్ముడూ?’ అని మాత్రమే అడిగారు. చేస్తే బరువు 47 శాతం పెరిగింది. పొడి మొత్తం లోహమే అయితే 89 శాతం పెరగాలి. అంటే సీసాలో ఉన్నదాంట్లో లోహం 53 శాతమే. మిగతాదంతా ఎక్స్‌ఆర్‌డీకి కనిపించని సరుకు.

లోహపు నానో పౌడర్లను శక్తినిచ్చే పదార్థాలుగా అధ్యయనం చేసేవాళ్లు, అంటే అవి ఎలా వేడెక్కుతాయి, ఎలా ఆక్సీకరణం చెందుతాయి, నిల్వలో ఎలా పాడవుతాయి అని చూసేవాళ్లు, ఏ పరీక్షను ఎప్పుడు ఎంచుకోవాలో ఇక్కడ పోల్చి చెబుతున్నాను. పౌడర్‌ను ఆక్సిడైజర్‌తో కలిపే పని జోలికి పోవడం లేదు. అది అనుమతులు, ప్రత్యేక ఏర్పాట్లు ఉన్న ల్యాబుల పని. ఇక్కడ మాట్లాడేది ఒట్టి పౌడర్ గురించే. ఉదాహరణలకు అల్యూమినియం తీసుకుంటాను, చివర్లో మిగతా లోహాల దగ్గర ఏం మారుతుందో చెబుతాను.

ఎంత చిన్నది అని కాదు, లోహం ఎంత మిగిలింది అని అడగాలి

అల్యూమినియం గాలి తగలగానే తన చుట్టూ ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. మామూలుగా దీని మందం రెండు నుంచి ఐదు నానోమీటర్లు. పెద్ద రేణువు మీద ఆ పొర లెక్కలోకే రాదు. రేణువు చిన్నదయ్యేకొద్దీ అదే పొర లోపలి లోహాన్ని తినేస్తుంది. పొర మందం 3 నానోమీటర్లు, పొర సాంద్రత ఘన సెంటీమీటరుకు 3 గ్రాములు, లోహం సాంద్రత 2.7 గ్రాములు అనుకుని లెక్కవేస్తే ఇలా వస్తుంది.

| రేణువు వ్యాసం | బరువులో లోహం వాటా |
|---|---|
| 1000 నానోమీటర్లు | సుమారు 98 శాతం |
| 100 నానోమీటర్లు | సుమారు 82 శాతం |
| 50 నానోమీటర్లు | సుమారు 66 శాతం |
| 20 నానోమీటర్లు | సుమారు 32 శాతం |

ఈ పట్టికను నేను నోట్‌బుక్ మొదటి పేజీలోనే అంటించుకున్నాను. 20 నానోమీటర్ల పౌడర్ కొన్నవాడు డబ్బులో మూడింట రెండు వంతులు అల్యూమినాకే, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌కే, పెట్టినట్టు. చిన్న రేణువు త్వరగా స్పందిస్తుంది, నిజమే. కానీ గ్రాముకు ఇచ్చే వేడి తగ్గిపోతుంది. అల్యూమినియం గ్రాముకు సుమారు 31 కిలోజౌళ్లు ఇస్తుందనే పుస్తకాల లెక్క లోహానికి వర్తిస్తుంది, సీసాలోని పొడి మొత్తానికి కాదు. అందుకే పరిమాణం గురించి చెప్పే పరీక్ష ఒక్కటే చేస్తే సగం విషయం కూడా తెలియదు.

ఏ పరీక్షనైనా నేను అడిగే ఐదు ప్రశ్నలు

అది నిజంగా కొలిచేదేమిటి? చాలా మెషీన్లు ‘సైజు’ అనే ఒక్క మాటతో వేర్వేరు సంగతులు చెబుతాయి. బీఈటీ సైజు, ఎక్స్‌ఆర్‌డీ సైజు, టెమ్ సైజు, డీఎల్‌ఎస్ (ద్రవంలోని రేణువులు చెదరగొట్టే కాంతిని బట్టి కొలిచేది) సైజు ఒకటి కావు, కావాల్సిన పనీ లేదు.

ఎన్ని రేణువులను చూస్తుంది? ఒక మైక్రాన్ గుండు ఒక్కటి, 100 నానోమీటర్ల రేణువులు వెయ్యింటి బరువు ఉంటుంది. వాటిలో నాలుగైదు గుండ్లు కంటపడకపోతే బరువు లెక్క మొత్తం తలకిందులవుతుంది.

శాంపిల్ ఎంత కావాలి, తిరిగి వస్తుందా? కొలిచేటప్పుడు మెషీనే పౌడర్‌ను మార్చేస్తుందా? ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోరు కానీ నానో లోహాల దగ్గర చాలా ముఖ్యం. ఆఖరుది, ఆ పరీక్ష ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది? ప్రతి పరీక్షకూ కనబడని మూల ఒకటి ఉంటుంది. ఒకదానికి కనబడనిది ఇంకోదానికి కనబడేలా జత కట్టడమే ఇక్కడ అసలు పని.

బీఈటీ: విస్తీర్ణం కావాలంటే

1938లో బ్రూనవర్, ఎమ్మెట్, టెల్లర్ ఇచ్చిన పద్ధతి. ద్రవ నైట్రోజన్ చల్లదనంలో, అంటే సుమారు మైనస్ 196 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ అణువులు పొడి ఉపరితలం మీద ఎంత మేర పరుచుకున్నాయో చూసి గ్రాముకు ఎన్ని చదరపు మీటర్లో చెబుతుంది. అక్కడి నుంచి వ్యాసానికి వెళ్లడం తేలిక. ఆరును సాంద్రతతోనూ విస్తీర్ణంతోనూ భాగిస్తే సరిపోతుంది. నున్నటి గోళాలు, అన్నీ ఒకే సైజు అనుకుంటే 100 నానోమీటర్ల అల్యూమినియానికి గ్రాముకు 22 చదరపు మీటర్లు, 50 నానోమీటర్లకు 44 వస్తాయి.

బీఈటీ గొప్పదనం ఏమిటంటే ట్యూబులో వేసిన ప్రతి రేణువునూ లెక్కలోకి తీసుకుంటుంది. టెమ్ చేయలేనిది అదే. 200 నుంచి 500 మిల్లీగ్రాములు పడుతుంది కానీ పౌడర్ దాదాపుగా తిరిగి వస్తుంది. తిరిగి వచ్చిందాన్ని కొత్త శాంపిల్ అనుకోకండి. డీగ్యాస్ చేసేటప్పుడు, అంటే కొలతకు ముందు పొడికి అంటిన తేమ, గ్యాస్ తీసేసేటప్పుడు, వేడికి, వ్యాక్యూమ్‌కి గురైంది కాబట్టి వేరే సీసాలో పెట్టి లేబుల్ మీద ఆ సంగతి రాయండి.

డీగ్యాస్ వేడి ఎంత పెట్టాలన్న దగ్గరే తప్పులు జరుగుతాయి. సిలికా, జియోలైట్ కోసం పెట్టిన ప్రోగ్రామ్‌ను ఆపరేటర్ అలాగే నడిపిస్తే నానో రేణువులు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదం ఉంది. తక్కువ వేడి, ఎక్కువ సమయం మేలు. డీగ్యాస్ అయ్యాక వేడిగా ఉన్న ట్యూబును గాలికి తెరవకూడదు. పూర్తిగా చల్లారనిచ్చి, జడవాయువు నింపాకే తీయాలి.

ఆక్సైడ్ గురించి బీఈటీ ఒక్క ముక్క కూడా చెప్పదు. పొడి అంతా తుప్పుపట్టి ఉపరితలం గరుకెక్కినా విస్తీర్ణం పెరిగినట్టు చూపిస్తుంది. పాత పౌడర్‌లో బీఈటీ నంబరు పెరిగితే సంతోషించే ముందు టీజీఏ చూడాలి.

ఎక్స్‌ఆర్‌డీ: తేలికైనది, ఎక్కువగా అపార్థం చేసుకునేది

దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అరగంటలో అయిపోతుంది, శాంపిల్ చెడదు, సీసాలో ఏ స్ఫటికాలు ఉన్నాయో చెబుతుంది. రాగి ట్యూబుతో తీస్తే అల్యూమినియం పీకులు 38.5, 44.7, 65.1, 78.2 డిగ్రీల దగ్గర వస్తాయి. కానీ అల్యూమినియం మీద మామూలు వేడిలో కట్టే పొర అమార్ఫస్. దానికి స్ఫటిక క్రమం లేదు, కాబట్టి పీకూ లేదు. బేస్‌లైన్ కొంచెం ఉబ్బితే ఉబ్బుతుంది. అందుకే ఆక్సైడ్ ముప్పావు వంతు ఉన్న పౌడర్ కూడా కాగితం మీద కడిగిన ముత్యంలా కనిపిస్తుంది. నేను సెమినార్‌లో చేసిన తప్పు ఇదే.

రెండో అపార్థం సైజు గురించి. షెరర్ 1918లో ఇచ్చిన సూత్రం పీకు వెడల్పు నుంచి స్ఫటిక భాగం సైజు చెబుతుంది, రేణువు సైజు కాదు. బాల్ మిల్లులో నూరిన పౌడర్ తీసుకుంటే ఇది స్పష్టంగా తెలుస్తుంది. రేణువు పది మైక్రాన్లు ఉంటుంది, లోపలి స్ఫటిక భాగాలు 30 నానోమీటర్లు ఉంటాయి. ‘ఎక్స్‌ఆర్‌డీ ప్రకారం నానో పౌడర్’ అని రాస్తే అది తప్పు. ఆవిరి నుంచి గట్టిపడిన గుండ్రటి రేణువుల్లో రెండు సైజులూ దగ్గరగా రావచ్చు, రాకపోవచ్చు కూడా. పైగా మెషీన్ వల్ల వచ్చే వెడల్పును తీసేయకుండా, నూరడం వల్ల పుట్టిన ఒత్తిడి వల్ల వచ్చే వెడల్పును విడదీయకుండా వేసిన షెరర్ లెక్కకు విలువ లేదు. స్ఫటిక భాగం 100 నానోమీటర్లు దాటాక ఆ సూత్రం మీద ఆధారపడకపోవడమే మంచిది.

ఎక్స్‌ఆర్‌డీ బాగా అక్కరకొచ్చే చోటు నిల్వ. తేమ తగిలిన అల్యూమినియం పౌడర్‌లో బేయరైట్ అనే హైడ్రాక్సైడ్ పెరుగుతుంది. దానికి స్ఫటికం ఉంది, 19, 20 డిగ్రీల దగ్గర కొత్త పీకులు మొలుస్తాయి. అవి కనిపించాయంటే సీసా మూత సరిగా పడలేదన్నమాట.

టీజీఏ, డీఎస్‌సీ: నేను ముందు పెట్టే పరీక్ష

ఆక్సిజన్‌లో నెమ్మదిగా వేడిచేస్తూ బరువు చూడటమే టీజీఏ. అలా వేడిచేసేటప్పుడు పొడి ఎంత వేడి పీల్చిందో, ఎంత వదిలిందో చూసేది డీఎస్‌సీ. ఒక గ్రాము అల్యూమినియం పూర్తిగా ఆక్సీకరణం చెందితే 0.889 గ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. కాబట్టి పెరిగిన బరువును 0.889తో భాగిస్తే మొదట ఉన్న లోహం తెలుస్తుంది. ఉదాహరణకు 5.00 మిల్లీగ్రాములు పెట్టారు. మొదట తేమ, హైడ్రాక్సైడ్ నీళ్లు పోయి 4.90కి దిగింది. తర్వాత 7.80కి పెరిగింది. పెరిగింది 2.90, అంటే లోహం 3.26 మిల్లీగ్రాములు. పెట్టిన పౌడర్‌లో 65 శాతం, ఎండిన పౌడర్‌లో 66.5 శాతం. ఏ లెక్క చెబుతున్నారో రాయకపోతే రెండు ల్యాబుల ఫలితాలు పోల్చేటప్పుడు అనవసరమైన గొడవ వస్తుంది. కింది కొన నుంచి కొలవాలి, మొదటి పాయింటు నుంచి కాదు. మొదటి పాయింటు నుంచి చూసి పెరిగింది 2.80 అనుకుని లెక్కిస్తే లోహం తక్కువ వస్తుంది.

ఈ ఒక్క గీతలో లోహం వాటా ఒక్కటే కాదు, ప్రవర్తన కూడా ఉంటుంది. నానో అల్యూమినియం తన ద్రవీభవన స్థానం 660 డిగ్రీలకు ముందే, 550 నుంచి 600 డిగ్రీల మధ్య ఒక మెట్టు ఎక్కుతుంది. ఆ వేడి దగ్గర పైపొర అమార్ఫస్ స్థితి నుంచి గామా అల్యూమినాగా మారుతుంది. గామా రూపం సాంద్రత ఎక్కువ కాబట్టి పొర ఇక మొత్తం ఉపరితలాన్ని కప్పలేక సందులు వదులుతుంది. ఆ సందుల్లోంచి ఆక్సిజన్ లోపలికి పోతుంది. మైక్రాన్ పౌడర్‌లోనూ ఇది జరుగుతుంది, కానీ ఉపరితలం తక్కువ కాబట్టి మెట్టు చిన్నదిగా ఉంటుంది. నానో పౌడర్ ఎందుకు వేరుగా ప్రవర్తిస్తుందో ఒక్క గీతలో చూపించాలంటే నాకు తెలిసి దీనికి మించింది లేదు.

జాగ్రత్తలు ఎక్కువే. మొదట శాంపిల్ బరువు. ఐదు మిల్లీగ్రాములు చాలు, అదీ క్రూసిబుల్ అడుగున పలచగా పరచాలి. ఎక్కువ వేస్తే తన వేడికి తానే రాజుకుని ప్రోగ్రామ్‌ను దాటి పరుగెడుతుంది. గ్రాఫ్‌లో గీత వెనక్కి మడత పడుతుంది. అలా వచ్చిన రన్ నుంచి లెక్కించిన ఏ నంబరూ వాడకూడదు.

క్రూసిబుల్ విషయం ఇంకా ముఖ్యం. డీఎస్‌సీలో వాడే అల్యూమినియం పాన్‌లు 660 డిగ్రీల దగ్గర అవే కరిగిపోతాయి, 600 దాటనివ్వకూడదు. ప్లాటినం పాన్ వద్దే వద్దు. కరిగిన అల్యూమినియం ప్లాటినంతో కలిసిపోయి పాన్‌ను, కొన్నిసార్లు సెన్సార్‌ను కూడా పాడుచేస్తుంది. అల్యూమినా క్రూసిబుల్ వాడండి. వేరే విభాగం వాళ్లు ముఖం చిట్లించేది ఇందుకే. ‘అల్యూమినా క్రూసిబుల్, ఐదు మిల్లీగ్రాములు, నిమిషానికి ఐదు లేదా పది డిగ్రీలు’ అని ముందే రాసిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

జడ వాతావరణం కావాలంటే ఆర్గాన్. నైట్రోజన్ చాలామంది అలవాటుగా పెడతారు, కానీ ఎక్కువ వేడిలో అల్యూమినియం నైట్రోజన్‌తోనూ కలిసి నైట్రైడ్ అవుతుంది, బరువు పెరుగుతుంది. ఎక్కువ వేడిదాకా వెళ్లి గీత సమంగా అయ్యేవరకూ ఆగండి. మైక్రాన్ సైజు గుండ్లు కలిసి ఉన్న పౌడర్ 1000 డిగ్రీల దగ్గర కూడా పూర్తిగా ఆక్సీకరణం కాదు. అక్కడే ఆపేస్తే లోహం తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది.

డీఎస్‌సీ నుంచి ఇంకో దారి ఉంది. ఆర్గాన్‌లో కరిగిస్తే వచ్చే పీకు వైశాల్యాన్ని అల్యూమినియం ద్రవీభవన గుప్తోష్ణం, గ్రాముకు సుమారు 397 జౌళ్లతో పోల్చవచ్చు. అయితే మరీ చిన్న రేణువుల్లో ఆ విలువే తగ్గుతుంది, కరిగే వేడి కూడా దిగుతుంది. కాబట్టి దీన్ని సరిచూసుకోవడానికి వాడతాను, దీనొక్కదాన్నే నమ్మను.

యాక్టివేషన్ ఎనర్జీ (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి) కావాలని డీఎస్‌సీకి వెళ్లేవాళ్లకు ఒక మాట. కిసింజర్ 1957లో ఇచ్చిన పద్ధతి సులువుగా ఒక నంబరు ఇస్తుంది. కానీ అల్యూమినియం ఆక్సీకరణం ఒక్క అడుగులో జరిగే పని కాదు. పొర మారుతుంది, లోహం కరుగుతుంది, పొర మళ్లీ మందమవుతుంది. అంతటికీ ఒకే నంబరు ఇవ్వడం సరికాదు. వేర్వేరు వేగాల్లో తీసిన రన్‌లతో, మార్పు శాతాన్ని బట్టి విలువ ఎలా మారుతుందో చూపే ఐసోకన్వర్షనల్ పద్ధతే న్యాయం. ఒకే వేగంతో తీసిన రన్ మీద గతిశాస్త్రం, అంటే చర్య వేగాల లెక్క, కట్టొద్దని అంతర్జాతీయ థర్మల్ అనాలిసిస్ సంఘం ఇక్టాక్ 2011లో ఇచ్చిన సూచనలూ చెబుతాయి.

గ్యాస్ కొలత: పాత పద్ధతి, గట్టి పద్ధతి

టీజీఏ దొరకనివాళ్లు దిగులు పడక్కర్లేదు. క్షార ద్రావణంలో అల్యూమినియం కరిగి హైడ్రోజన్ ఇస్తుంది, ఆక్సైడ్ కరుగుతుంది కానీ గ్యాస్ ఇవ్వదు. వచ్చిన గ్యాస్ ఘనపరిమాణమే లోహం లెక్క. పది మిల్లీగ్రాముల లోహానికి సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర సుమారు 12.5 మిల్లీలీటర్లు. గది వేడికి, నీటి ఆవిరి ఒత్తిడికి సరిచేయడం మరవకూడదు. ఫ్యూమ్ హుడ్‌లో, దగ్గర మంట, స్పార్క్ లేకుండా, మిల్లీగ్రాముల్లోనే చేయాలి.

పౌడర్ మీద స్టియరిక్ ఆసిడ్ లాంటి పూత ఉంటే ఆలస్యంగా మొదలవుతుంది, త్వరపడి ఆపేస్తే లెక్క తగ్గుతుంది. ఇదొక్కటే దీని పెద్ద లోపం. గాజు బ్యూరెట్‌తో జాగ్రత్తగా చేసిన కొలత, హడావుడిగా చేసిన టీజీఏ కంటే నమ్మదగ్గది. నేను రెండూ చేసి, తేడా రెండు మూడు శాతం లోపు ఉంటేనే ముందుకెళతాను.

టెమ్, సెమ్: కంటితో చూడాలంటే

లోహం చుట్టూ ఉన్న పొరను నేరుగా చూసి మందం కొలిచే అవకాశం టెమ్ ఒక్కటే ఇస్తుంది. పైన పట్టికలో నేను 3 నానోమీటర్లు అనుకున్నాను. మీ పౌడర్‌లో అది 2 కావచ్చు, 5 కావచ్చు. టెమ్ చెబుతుంది. పొర అంతటా సమానంగా ఉందా, రేణువుల మధ్య మెడలు కట్టాయా, మధ్యలో బోలుగా మారిన రేణువులు ఉన్నాయా అన్నవీ తెలుస్తాయి.

కానీ గ్రిడ్ మీద పడేది గ్రాములో లెక్కకు రానంత భాగం. అందమైన ఫొటో కోసం వెతుకుతూ పెద్ద గుండ్లను దాటేస్తాం, పేపర్లలో చూసేవి చాలావరకు అలా ఎంచినవే. కనీసం కొన్ని వందల రేణువులు, ముందుగా నిర్ణయించుకున్న చోట్ల నుంచి, ఎంపిక లేకుండా కొలవండి. ఎలక్ట్రాన్ కిరణం ఎక్కువసేపు ఒకేచోట పెడితే పొర స్వరూపమే మారవచ్చు. మొదటి ఫొటోకి, ఐదు నిమిషాల తర్వాత ఫొటోకి తేడా ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

సెమ్ (ఉపరితలాన్ని చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఆకారం, ముద్దలు కట్టిన తీరు చూడటానికి చాలు. దానికి జత చేసిన ఈడీఎస్‌తో (ఏ మూలకం ఎంతుందో చెప్పే ఎక్స్‌రే డిటెక్టర్‌తో) ఆక్సిజన్ శాతం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. శాంపిల్ అంటించే కార్బన్ టేపులోనూ ఆక్సిజన్ ఉంటుంది. ఆ శాతాన్ని ఆక్సైడ్ లెక్కగా మార్చకండి. సిలికాన్ వేఫర్ ముక్క మీద పెట్టినా వేఫర్ మీదా సన్నటి ఆక్సైడ్ ఉంటుంది, కాకపోతే టేపు కన్నా నయం.

ఎక్స్‌పీఎస్, డీఎల్‌ఎస్

ఎక్స్‌రేలతో ఉపరితల రసాయనాన్ని చదివే ఎక్స్‌పీఎస్ పై పది నానోమీటర్ల లోపే చూస్తుంది. అల్యూమినియం 2పీ అనే ఎలక్ట్రాన్ స్థాయి దగ్గర లోహపు పీకు 73 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టుపక్కల, ఆక్సైడ్‌ది అంతకంటే రెండు మూడు ఎక్కువ దగ్గర వస్తాయి. రెంటి నిష్పత్తి నుంచి పొర మందం లెక్కించే సూత్రాలు ఉన్నాయి, కానీ అవి చదునైన రేకు కోసం. గోళాల మీద వాడితే మందం ఎక్కువగా వస్తుంది. పూతలు, మలినాలు, ఉపరితలం మీద కార్బన్ గురించి తెలుసుకోవాలంటే ఇదే సరైనది. మందం కోసమైతే టెమ్‌కే వెళ్లండి.

డీఎల్‌ఎస్‌ను ఈ పనికి నేను సిఫార్సు చేయను. ద్రవంలో ముద్దలు కట్టిన పౌడర్‌కి ముద్ద సైజే చూపిస్తుంది. చిన్న రేణువు వ్యాసం రెట్టింపైతే చెదిరే కాంతి 64 రెట్లవుతుంది కాబట్టి కొద్దిపాటి పెద్ద ముద్దలే మొత్తం సంకేతాన్ని మింగేస్తాయి. నీళ్లలో వేస్తే అల్యూమినియం స్పందించడమే మొదలుపెడుతుంది. పౌడర్‌ను ఏదైనా ద్రావకంలో ఎంత బాగా చెదరగొట్టామో చూసుకునేవాళ్లకు మాత్రం పనికొస్తుంది.

ఒక్క చూపులో

| పరీక్ష | చెప్పేది | చెప్పనిది | శాంపిల్ |
|---|---|---|---|
| బీఈటీ | మొత్తం విస్తీర్ణం, దాన్నిబట్టి సగటు వ్యాసం | ఆక్సైడ్, సైజుల విస్తృతి | 200–500 మిల్లీగ్రాములు, తిరిగి వస్తుంది |
| ఎక్స్‌ఆర్‌డీ | స్ఫటికాలు, హైడ్రాక్సైడ్ జాడ | అమార్ఫస్ పొర, రేణువు సైజు | చెడదు |
| టీజీఏ | లోహం వాటా, ఆక్సీకరణ మెట్లు | ఆకారం, పొర మందం నేరుగా | సుమారు 5 మిల్లీగ్రాములు, పోతుంది |
| గ్యాస్ కొలత | లోహం వాటా | మిగతావన్నీ | పదుల మిల్లీగ్రాములు, పోతుంది |
| టెమ్ | పొర మందం, ఆకారం | మొత్తం పౌడర్ సగటు | అతి తక్కువ |
| ఎక్స్‌పీఎస్ | ఉపరితల రసాయనం | లోపలి లోహం | తక్కువ |

మీ పని ఏది, దానికి ఏ జత

కొత్తగా చేరి ఎక్స్‌ఆర్‌డీ ఒక్కటే అందుబాటులో ఉన్న విద్యార్థి అయితే, దానికి గ్యాస్ కొలత జత చేయండి. ఒకటి ఏ పదార్థాలున్నాయో, రెండోది లోహం ఎంతో చెబుతుంది. ఖరీదైన మెషీన్ ఏదీ లేకుండానే రిపోర్టు నిలబడుతుంది.

పౌడర్ కొని వాడేవాళ్లు, ప్రతి లాట్‌నూ సరిచూసుకోవాల్సినవాళ్లు బీఈటీ, టీజీఏ రెండూ చేయాలి. లేబుల్ మీది నంబరు ఏ పద్ధతిలో కొలిచారో తెలియకపోతే దాన్ని అంచనాగానే తీసుకోండి. ఒకసారి మాకు వచ్చిన రెండు లాట్ల లేబుళ్లు ఒకేలా ఉన్నాయి, బీఈటీ మాత్రం దాదాపు సగానికి సగం తేడా చూపించింది. అప్పటికే మొదటి లాట్‌తో మూడు నెలల పని అయిపోయింది.

ఆక్సీకరణ విధానం మీద పరిశోధన చేసేవాళ్లకు టీజీఏ, డీఎస్‌సీ, టెమ్ మూడూ తప్పవు. మధ్యలో ఆపిన శాంపిళ్లు, అంటే 500, 600, 700 డిగ్రీల దగ్గర ఆపి ఆర్గాన్‌లో చల్లార్చినవి, ఎక్స్‌ఆర్‌డీకి, టెమ్‌కి పంపితే పొర ఏ రూపంలోకి మారిందో కనిపిస్తుంది. టెమ్ వెయిటింగ్ ఎంత ఉన్నా ఈ పనికి ఆగాల్సిందే.

నిల్వలో పౌడర్ ఎంతకాలం నిలుస్తుందో చూసేవాళ్లకు నా సలహా వేరు. ఇక్కడ కచ్చితత్వం కంటే ఒకేలా చేయడం ముఖ్యం. అదే క్రూసిబుల్, అదే బరువు, అదే వేడెక్కే వేగం, నెలనెలా టీజీఏ. బేయరైట్ కోసం ఎక్స్‌ఆర్‌డీ. మొదటి రోజు రన్ లేకపోతే ఆరో నెల రన్‌ను దేనితోనూ పోల్చలేం, కాబట్టి సీసా తెరిచిన రోజే మొదటిది చేయాలి.

వేరే లోహమైతే

రాగి, నికెల్, ఇనుము దగ్గర ఎక్స్‌ఆర్‌డీ విలువ పెరుగుతుంది. వాటి ఆక్సైడ్లు స్ఫటికంగా కనిపించే అవకాశం ఎక్కువ. నానో రాగిలో 36.4 డిగ్రీల దగ్గర క్యూప్రస్ ఆక్సైడ్ పీకు చాలాసార్లు తొంగిచూస్తుంది. నికెల్, ఇనుము అయస్కాంతానికి అంటుకుంటాయి కాబట్టి సెమ్, టెమ్ ఆపరేటర్‌కి ముందే చెప్పాలి, లెన్సు వైపు పొడి ఎగిరితే మెషీన్ నెలల తరబడి మూలపడుతుంది. బోరాన్ పొడి మామూలుగా అమార్ఫస్, ఎక్స్‌ఆర్‌డీతో పెద్దగా ఒరిగేది ఉండదు. పైగా దాని ఆక్సైడ్ 450 డిగ్రీల దగ్గరే కరిగి రేణువును కప్పేస్తుంది, టీజీఏ గీత చివరిదాకా పోకుండా మధ్యలోనే చదునవుతుంది. అక్కడ టీజీఏతో బోరాన్ వాటా అంచనా వేయడం కుదరదు. గ్యాస్ కొలత కూడా లోహాన్నిబట్టి మారుతుంది. ఇనుము క్షారంలో కరగదు, ఆసిడ్ కావాలి. రాగి మామూలు ఆసిడ్‌లో హైడ్రోజన్ ఇవ్వదు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు

పైపొర కట్టని నానో లోహం గాలి తగిలితే దానంతటదే రాజుకోవచ్చు. పొర కట్టినదీ స్టాటిక్ కరెంటుకు, రాపిడికి, నిప్పురవ్వకు అంటుకుంటుంది. మంట వస్తే నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడకూడదు, మండే అల్యూమినియం రెంటితోనూ స్పందిస్తుంది. లోహపు మంటల కోసమే చేసిన డీ తరగతి పొడి లేదా పూర్తిగా ఎండిన ఇసుక చేతికందే దూరంలో ఉండాలి. పొడిని రోట్లో నూరి ముద్దలు విడగొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ దాన్ని మానుకోవాలి. తూచేటప్పుడు గాలిలోకి లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, హుడ్, సరైన మాస్క్ తప్పనిసరి. చెత్తడబ్బాలో తడి టిష్యూలతో కలిపి పారేస్తే లోపల హైడ్రోజన్ పోగవుతుంది.

ఇక ఆ ఐదు గ్రాముల సీసా సంగతి. నేనైతే ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్స్‌లో తెరిచి ఆరు చిన్న సీసాల్లోకి పంచుతాను. ఒకటి టీజీఏకి, ఒకటి బీఈటీకి, ఒకటి ఎక్స్‌ఆర్‌డీకి, ఒకటి టెమ్‌కి, ఒకటి అనుకోకుండా చేయాల్సి వచ్చే రన్‌లకి. ఆరోది సీలు వేసి, తేదీ రాసి, ఎవరూ తెరవని చోట పెడతాను. రెండేళ్ల తర్వాత రివ్యూయర్ ‘మొదటి శాంపిల్‌లో లోహం ఎంత?’ అని అడిగితే ఆ సీసా తెరిచి మళ్లీ టీజీఏ చేయవచ్చు.